పొందూరు ఖాదీ షాపు బోర్డు: ఇంగ్లీష్ బోల్డ్ ఇటాలిక్ పక్కన తెలుగు ఒరిగిపోతోంది, ఏం చెయ్యాలి?

నాగావళి డీటీపీ, శ్రీకాకుళం

అందరికీ నమస్కారం. సెవెన్ రోడ్ జంక్షన్‌కి దగ్గరలో మాదొక చిన్న డీటీపీ షాపు. శుభలేఖలు, బిల్లు బుక్కులు, ఫ్లెక్సీలు, అప్పుడప్పుడు షాపుల బోర్డులు. పదకొండేళ్ళుగా ఇదే పని. ఇప్పుడు ఒక బోర్డు దగ్గర నెల రోజులుగా ఆగిపోయాను. కాస్త పెద్దగానే రాస్తున్నాను, ఓపిగ్గా చదివి చెప్పండి.

పాలకొండ రోడ్డులో ఒకాయన పొందూరు ఖాదీ షాపు తెరుస్తున్నారు. వాళ్ళది నేత కుటుంబం. బోర్డు పది అడుగుల పొడవు, మూడడుగుల ఎత్తు. రాత్రి లోపల లైటు వెలిగే రకం. పైన తెలుగులో "ఖాదీ వస్త్రాలు", దాని కింద ఇంగ్లీష్‌లో ఖాదీ అన్న ఒక్క మాట, చివర ఫోన్ నంబరు. మొదటి రోజు వచ్చినప్పుడే ఆయన ఒక పంచె తెచ్చి నా టేబుల్ మీద పరిచారు. "చెయ్యి పెట్టి చూడమ్మా. వాలుగ చేప దవడతో పత్తి శుభ్రం చేసి, చేత్తో వడికిన నూలు ఇది. పోగు కంటికి ఆనదు, నేత మాత్రం గట్టిది. నా బోర్డు మీద అక్షరం ఇలాగే ఉండాలి" అన్నారు. తర్వాత ఫోన్‌లో ఒక ఫొటో చూపించారు. ఏదో పత్రిక అట్ట మీద ఇంగ్లీష్ మాట. బాగా లావుగా ఉన్న సెరిఫ్ అక్షరం (గీతల కొసలకి చిన్న కట్లు ఉండే రకం), కుడికి వాలి ఉంది. లావు గీతలు దూలాల్లా ఉన్నాయి, వాటిని కలిపే సన్న గీతలు దారప్పోగుల్లా ఉన్నాయి. ఆయన ఏం అడుగుతున్నారో నాకు వెంటనే అర్థమైంది. బలం, సన్నదనం రెండూ ఒకే అక్షరంలో కావాలి.

ఇంగ్లీష్‌కి ప్లేఫెయిర్ డిస్‌ప్లే బ్లాక్ ఇటాలిక్ అనే ఫాంటు తీసుకున్నాను. బ్లాక్ అంటే అన్నిటికంటే లావు రకం. ఉచితంగా దొరుకుతుంది, ఆయన చూపించిన దానికి దగ్గరగా ఉంది. చిన్న "ఎ" అక్షరం నిటారు ఫాంటులో రెండంతస్తులుగా ఉంటుంది కదా, ఇటాలిక్‌కి వచ్చేసరికి ఒకే గుండ్రం అయిపోయింది, చేత్తో రాసినట్టు. చివర "ఐ" కొస కొంచెం పైకి తిరిగి ఆగింది. ఆ అక్షరాలన్నీ ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని నడుస్తున్నట్టు ఉన్నాయి. ఆయనకీ నచ్చింది, నాకూ నచ్చింది.

తెలుగు దగ్గరే చిక్కు వచ్చింది. మొదట మామూలు ఫాంటు పెట్టి బోల్డ్, ఇటాలిక్ బటన్లు రెండూ నొక్కాను. అక్షరం చుట్టూ మందం పెరిగి "స" లోపలి ఖాళీ పూడుకుపోయింది. తర్వాత రామభద్ర అనే ఫాంటు పెట్టి కోరెల్ సాఫ్ట్‌వేర్‌లో 15 డిగ్రీలు వాల్చాను. అది లావుగా, చూడ్డానికి బాగానే ఉంటుంది, కానీ అందులో సన్న గీత లేదు. ఇంగ్లీష్ పక్కన పెడితే రెండు వేరు వేరు షాపుల బోర్డుల్లా ఉన్నాయి. మూడోసారి నోటో సెరిఫ్ తెలుగు బ్లాక్ తీసుకున్నాను. ఇందులో మందం, సన్నం రెండూ ఉన్నాయి. దీన్నీ 15 డిగ్రీలు వాల్చి, ఏ4 కాగితాల మీద ముక్కలుగా ప్రింటు తీసి, అతికించి, మా షాపు షట్టర్ మీద పెట్టి రోడ్డు దాటి చూశాను.

"స్త్రా" దగ్గర నా కన్ను ఆగిపోయింది. స కింద ఉండాల్సిన వత్తులు ఎడమకి జారి "వ" వైపుకి వెళ్ళిపోయాయి. దూరం నుంచి చూస్తే ఆ వత్తు ఎవరిదో తెలియడం లేదు. దీర్ఘాలు కుడికి, వత్తులు ఎడమకి, మధ్యలో అక్షరం లాగేసినట్టు అయింది.

మా నాన్నగారు ముప్పై ఏళ్ళు బోర్డులు రాశారు. దారానికి సుద్ద రాసి గోడ మీద కొట్టి లైను వేసుకుని, ఎనామిల్ పెయింటుతో నేరుగా రాసేవారు. ఇప్పుడు చెయ్యి వణుకుతుంది, కుంచె పట్టరు. షాపులో నా పక్కన కూర్చుంటారు. ఆయన కూడా రోడ్డు దాటి వచ్చి చూశారు. చాలాసేపు చూసి, "అమ్మా, ఇది వాలలేదు, ఒరిగింది" అన్నారు. అంతకంటే చెప్పలేదు. నాకు ఆ మాట రాత్రంతా తిరుగుతూనే ఉంది. వాలడానికీ ఒరగడానికీ తేడా కంటికి తెలుస్తోంది, కానీ కంప్యూటర్‌లో దాన్ని ఎలా తేవాలో తెలియడం లేదు.

ఇంకో నష్టం కూడా జరిగింది. అదే ఇంగ్లీష్ మాటతో రెండు వందల సంచులు ముందే స్క్రీన్ ప్రింటింగ్‌కి ఇచ్చాను. సంచి మీద పెద్ద అక్షరం ఎత్తు ఒక సెంటీమీటరు. వచ్చిన సంచుల్లో సన్న గీతలు సగం లేవు. "హెచ్" అయితే రెండు కర్రలు విడివిడిగా నిలబడ్డట్టు ఉంది. ప్రింటు వేసినవాళ్ళు ఫైలే అలా ఉంది అన్నారు. ఆ డబ్బు నేనే పెట్టుకున్నాను. బోర్డు విషయంలో అలా జరక్కూడదని టెన్షన్‌గా ఉంది.

తెలుగుని ఇంగ్లీష్‌తో పాటు వాల్చాలా, వద్దా? వాల్చకుండా రెండూ ఒక కుటుంబంలా కనిపించే దారి ఉందా? సన్న గీతలు రాత్రి లైటులో నిలుస్తాయా? తెలిసినవాళ్ళు దయచేసి చెప్పండి.

గ్లిఫ్ పిల్లోడు, బెంగళూరు

అక్కా, నమస్తే. మాది టెక్కలి. ఇక్కడ ఫాంట్ల పని చేస్తాను. మీ పోస్టు రెండుసార్లు చదివాను. మీ నాన్నగారు అన్న మాటలోనే జవాబు ఉంది, దాన్ని లెక్కలో చెప్తాను.

కోరెల్‌లో మీరు అక్షరాన్ని వాల్చినప్పుడు, అక్షరాలు కూర్చునే అడుగు గీత (బేస్‌లైన్) మీద ఉన్నది కదలదు. గీతకి పైన ఉన్నది కుడికి, కింద ఉన్నది ఎడమకి జరుగుతుంది. 15 డిగ్రీలంటే ప్రతి అంగుళానికీ పావు అంగుళం పైచిలుకు జరుగుడు. మీ బోర్డు మీద వత్తు గీతకి నాలుగు అంగుళాలు దిగితే దాని అడుగు ఒక అంగుళం ఎడమకి పోతుంది. దీర్ఘం ఎనిమిది అంగుళాల ఎత్తున ఉంటే రెండు అంగుళాలు కుడికి పోతుంది. పైకీ కిందకీ కలిపి మూడు అంగుళాల తేడా. ఇంగ్లీష్‌లో గీత కిందకి దిగే అక్షరాలు నాలుగైదే, మీ మాటలో అవి లేనే లేవు. మన అక్షరాల్లో కిందకి దిగే వత్తు లేకుండా నాలుగు మాటలు రాయడం కష్టం. అందుకే అదే వాలు ఇంగ్లీష్‌కి నడకలా, మనకి జారుడులా కనిపిస్తుంది.

ఇంకో సంగతి. ఇటాలిక్ అంటే వాలిన అక్షరం అని మనం అనుకుంటాం. అది పుట్టింది వాలు కోసం కాదు. వెనిస్‌లో ఆల్డస్ మనూషియస్ అనే ప్రచురణకర్త 1501లో వర్జిల్ కావ్యాలని చిన్న సైజు పుస్తకంగా అచ్చు వేశాడు. దానికి ఫ్రాన్సెస్కో గ్రిఫో అనే ఆయన అచ్చులు చెక్కాడు. అప్పటి పండితులు కలంతో గబగబా రాసుకునే చేతిరాతని సీసపు అక్షరంలోకి తెచ్చాడు. ఆ పుస్తకంలో పెద్ద అక్షరాలు నిటారుగానే ఉన్నాయి, చిన్న అక్షరాలే ఇటాలిక్. అంటే ఇటాలిక్ ప్రాణం చేతి కదలికలో ఉంది. మీకు నచ్చిన ఆ ఒంటి గుండ్రం "ఎ", కొస తిరిగిన "ఐ" ఆ చేతివే.

బోల్డ్ కథ వేరు. మూడు వందల ఏళ్ళ తర్వాత, 19వ శతాబ్దం మొదట్లో లండన్‌లో గోడ పోస్టర్లు, లాటరీ ప్రకటనలు పెరిగాయి. దూరం నుంచి కనపడాలని లావు గీతని మరీ లావు చేసి, సన్న గీతని సన్నగానే ఉంచేశారు. వాటిని ఫ్యాట్ ఫేస్ అంటారు. మీ కస్టమర్ చూపించిన అక్షరంలో ఈ రెండూ కలిశాయి. పుస్తకంలో ఉండే చేతిరాత గోడ ఎక్కిందన్నమాట.

కాబట్టి తెలుగుకి తీసుకోవాల్సింది వాలుని కాదు, ఆ కలం కదలికని, ఆ లావు సన్నాల తేడాని. నా అభిప్రాయం సూటిగా చెప్తాను: తెలుగుని అసలు వాల్చొద్దు. సున్నా డిగ్రీలు. నోటో సెరిఫ్ తెలుగు బ్లాక్ మంచి మొదలు, దాన్ని కర్వ్స్ చేసుకుని (అక్షరాన్ని దిద్దుకోగలిగే బొమ్మగా మార్చుకుని) సన్న గీతల్ని ఇంకా సన్నం చేసి, చివరలు కొంచెం చేతిరాతలా తిప్పండి. మన ఉత్తరాంధ్ర పెద్దల పేర్లతో గురజాడ, గిడుగు అనే ఫాంట్లు సిలికానాంధ్ర వాళ్ళు విడుదల చేశారు, అవీ చూడండి. కానీ రెండూ ఒకే మందంలో దొరుకుతాయి, ఇంత లావుకి చాలవు. టైరో తెలుగు అనే ఫాంటులో ఇటాలిక్ ఉంది కానీ బోల్డ్ లేదు. పైగా అది పుస్తకం లోపలి పేజీల కోసం చేసినది, బోర్డుకి కాదు.

సంచుల సంగతికి వస్తే, తప్పు అక్షరానిది కాదు, సైజుది. సీసపు అచ్చుల రోజుల్లో ఒక్కో సైజుకి అక్షరాన్ని విడిగా చెక్కేవారు. చిన్న సైజులో సన్న గీతని కాస్త మందంగా ఉంచేవారు. ఇప్పుడు ఒకటే ఫైలుని మనం సెంటీమీటరుకీ వాడతాం, అడుగుకీ వాడతాం. పేరులోనే డిస్‌ప్లే అని ఉంది, అంటే పెద్ద సైజు కోసమే. ఒక సెంటీమీటరు అక్షరంలో ఆ సన్న గీత అర మిల్లీమీటరు కూడా రాదు. ప్లేఫెయిర్ అని, డిస్‌ప్లే అన్న మాట లేకుండా, కొత్త వేరియబుల్ వెర్షన్ ఉంది. అందులో సైజుని బట్టి సన్న గీత మందం మార్చుకోవచ్చు. సంచికి అది వాడండి. పాత కోరెల్ అయితే వేరియబుల్ ఫాంట్లు సరిగా పనిచెయ్యవు, 2020 వెర్షన్ గానీ ఆ తర్వాతిది గానీ ఉండాలి.

ఫోన్ నంబరు కూడా ఒకసారి చూసుకోండి. ప్లేఫెయిర్ డిస్‌ప్లేలో అంకెలు ఎగుడుదిగుడుగా వస్తాయి, 3, 4, 5, 7, 9 గీత కిందకి దిగుతాయి. పుస్తకంలో అందంగా ఉంటుంది, ఫోన్ నంబరుకి పనికిరాదు. ఓపెన్‌టైప్ ఆప్షన్లలో లైనింగ్ ఫిగర్స్ ఎంచుకుంటే అన్నీ ఒకే ఎత్తుకి వస్తాయి.

పైన చెప్పినవన్నీ ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద ఉన్నవే. వ్యాపారానికి వాడొచ్చు, అక్షరాన్ని మార్చుకోవచ్చు. ఫాంటుని మాత్రం విడిగా అమ్మకూడదు.

బొబ్బిలి ఫ్లెక్స్

మేడమ్, లైటు బోర్డు గురించి నేను చెప్తాను, అది నా రోజువారీ పని.

లేత రంగు ఫేస్ (బోర్డు ముందు పలక) మీద ముదురు అక్షరం పెడుతున్నారా? అయితే రాత్రి లైటు వెయ్యగానే వెలుతురు నాలుగు వైపుల నుంచీ అక్షరం మీదకి వస్తుంది. లావు గీతకి ఏమీ కాదు. సన్న గీతని తినేస్తుంది. పగలు సెంటీమీటరు ఉన్న గీత రాత్రి రోడ్డు అవతల నుంచి దారంలా కూడా కనపడదు. ముదురు ఫేస్ పెట్టి అక్షరం మాత్రమే వెలిగేలా చేస్తే దీనికి తిరగబడుతుంది. అక్షరం ఉబ్బుతుంది, సన్న గీత నిలుస్తుంది, కానీ అక్షరం లోపలి ఖాళీలు మూసుకుపోతాయి. మీ "స" పొట్ట, "వ" పొట్ట అప్పుడు పెద్దవి చేసుకోవాలి.

మీ అక్షరానికి రెండోదే మంచిది. మెరూన్ ఫేస్, అక్షరం తెల్లగా వెలగాలి. లైట్లు ఫేస్‌కి మరీ దగ్గరగా బిగించకండి, చుక్కలు చుక్కలుగా కనపడతాయి.

వినైల్ కటింగ్ (స్టిక్కర్ షీటుని అక్షరాలుగా కోసి అతికించడం) అయితే ఇంకో జాగ్రత్త. పెద్ద బోర్డులో గీత తెగదు కానీ, రెండు లావు గీతలు కలిసే మూల దగ్గర సూదిమొనలా వచ్చే చోట స్టిక్కర్ ఎండకి ముందు అక్కడే లేస్తుంది. ఆ మొనల్ని కొంచెం గుండ్రం చెయ్యండి. చేసినట్టు ఎవరికీ తెలీదు.

సంచులకి సులువైన పని చెప్తాను. అక్షరానికి అదే రంగు అవుట్‌లైన్ 0.4 మిల్లీమీటర్లు పెట్టేయండి. మేం అలాగే చేస్తాం.

గ్లిఫ్ పిల్లోడు, బెంగళూరు

అన్నా, లైటు విషయం నాకు కొత్త, నోట్ చేసుకున్నాను. అవుట్‌లైన్ విషయంలో మాత్రం ఒప్పుకోలేను. అవుట్‌లైన్ పెడితే సన్న గీతతో పాటు లావు గీత కూడా అంతే లావవుతుంది, లోపలి ఖాళీ తగ్గుతుంది. ఇప్పటికే అది బ్లాక్ బరువులో ఉంది. అక్క చేతిలో కోరెల్ ఉంది కాబట్టి సన్న గీత నోడ్లు (గీతని పట్టి ఉంచే చుక్కలు) పట్టుకుని అవి మాత్రమే జరపాలి. ఐదు అక్షరాలే కదా, పూట పని.

పాత కుంచె, విజయనగరం

అమ్మా, నేను మీ నాన్నగారి లాంటివాణ్ణే. విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర నలభై ఏళ్ళు బోర్డులు రాశాను. ఫోన్‌లో టైపు చెయ్యడం మా మనవరాలు నేర్పింది. మీ పోస్టు ఆమే చదివి వినిపించింది.

బెంగళూరు అబ్బాయి చెప్పిన చరిత్ర నాకు తెలియదు. కానీ చేతిరాత అన్నాడు చూడండి, ఆ మాట నిజం. మేం ఇంగ్లీష్ అక్షరం రాసేటప్పుడు బలం అంతా నిలువు గీతలో పెడతాం. బద్ద కుంచె కిందకి లాగితే లావు, పక్కకి లాగితే సన్నం. తెలుగుకి నిలువు గీతే లేదు కదా, అంతా వంపు. అందుకని వంపు కిందకి దిగే చోట, అంటే అక్షరం రెండు పక్కలా, కుంచె నొక్కుతాం. అడుగునా పైనా వదిలేస్తాం. మీరు లావు ఎక్కడ పెట్టాలా అని వెతక్కండి. కుంచె పట్టుకున్నట్టు గాలిలో ఒకసారి "వ" రాయండి. మీ చెయ్యి ఎక్కడ కిందకి దిగిందో అక్కడ లావు. ఇంగ్లీష్‌లో లావు ఎంతుందో తెలుగులోనూ అంతే ఉండాలి. నేనైతే దారంతో కొలిచేవాణ్ణి. లావుకి లావు, సన్నానికి సన్నం కుదిరిందా, రెండు భాషలూ ఒకే బోర్డు మీద సర్దుకుంటాయి.

వాల్చొద్దు అన్నాడు అబ్బాయి. అక్కడ నా మాట వేరు. మేం వాల్చేవాళ్ళం. దసరా వెళ్ళిన మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం, పొడవాటి మాను కొసన పూజారిని కూర్చోబెట్టి ఊరేగిస్తారు. ఆ ముందు వారమంతా గుడ్డ బ్యానర్లు రాసేవాళ్ళం, "సిరిమానోత్సవం" అని ఎన్ని వందల సార్లు రాశానో. అందులో "త్స" ఉంది, మీ "స్త్రా" లాంటి చిక్కే. నిటారుగా రాస్తే పండగ కళ రాదని వాల్చి రాసేవాళ్ళం. మా గురువుగారు ఒకటే చెప్పారు. సిరిమాను చూశావా, వాలి ఉంటుంది, పడదు, ఎందుకంటే దాని మొదలు బండికి బిగించి ఉంటుంది. అక్షరం కూడా పైన వాలాలి, అడుగు కదలకూడదు.

అంటే ఏంటంటే, వత్తుని వాల్చం. ముందు పై అక్షరం వాలుగా రాస్తాం. తర్వాత దాని కింద వత్తుని నిటారు అక్షరానికి రాసినట్టే, సరిగ్గా దాని చోట్లో రాస్తాం. కొంచెం కుడికే జరిపి రాస్తాం కూడా. చూసేవాళ్ళకి మొత్తం వాలినట్టే ఉంటుంది, కానీ అక్షరం నిలబడి ఉంటుంది. మీ నాన్నగారు ఒరిగింది అన్నది దీన్నేనమ్మా. మొదలు కూడా కదిలితే ఒరగడం.

వాలు కూడా అంత వద్దు. ఇంగ్లీష్ ఎంత వాలిందో అందులో సగం చాలు, సగం కంటే తక్కువైనా పర్వాలేదు. మన తలకట్టు చూడండి, అది ముందే కుడికి లేచి ఉంటుంది. దాన్ని ఇంకా వాల్చితే పడుకుంటుంది. దీర్ఘం కూడా అంతే. గుడి మీద ఉండే మెలిక అయితే మరీ.

మీ మాట రాసి చూసుకున్నాను. "ఖాదీ వస్త్రాలు". ఇందులో తలకట్టు కనపడేది ఒక్క "వ" కే. ఖ కి, ల కి తలకట్టు లేదు. ద మీద గుడిదీర్ఘం కూర్చుంది, స మీద దీర్ఘం కూర్చుంది. ఆ ఒక్క తలకట్టుని కత్తి మొనలా దిద్దండి, అదే మీ ఇంగ్లీష్ సెరిఫ్‌కి జోడీ. రెండు దీర్ఘాలున్నాయి, ఖా కి ఒకటి, స్త్రా కి ఒకటి. ఆ రెండూ కవల పిల్లల్లా ఉండాలి. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి అయితే బోర్డు మొత్తం చెడుతుంది.

నాన్నగారికి నా నమస్కారం చెప్పండి.

శుభలేఖల షాపు, పార్వతీపురం

బోర్డు సంగతి పెద్దవాళ్ళు చెప్పారు, నేను కార్డుల వైపు నుంచి ఒక్క మాట. ఇలాంటి లావు ఇటాలిక్ ఒకసారి చూపిస్తే కస్టమర్ అన్నీ అందులోనే కావాలంటారు, అడ్రసు కూడా. ఒప్పుకోకండి. నేను పెళ్ళికూతురు, పెళ్ళికొడుకు పేర్లకి మాత్రం పెడతాను, మధ్యలో ఇంగ్లీష్ "అండ్" గుర్తు ఉంటుంది కదా, అది ఇటాలిక్‌లో చాలా అందంగా తిరుగుతుంది, దాన్ని కాస్త పెద్దగా వేస్తాను. మిగతాదంతా మామూలు నిటారు అక్షరం. ఇంకోటి, ఇంగ్లీష్ మాట మొత్తం పెద్ద అక్షరాల్లో పెట్టకండి. ఇటాలిక్ సొగసంతా చిన్న అక్షరాల్లోనే ఉంటుంది, పెద్దవి వరసగా పెడితే బరువు తప్ప ఏమీ మిగలదు.

నాగావళి డీటీపీ, శ్రీకాకుళం

అందరికీ చాలా చాలా థాంక్స్. రెండు రోజులు ఇదే పని మీద ఉన్నాను, ఏం జరిగిందో చెప్తాను.

ముందు తమ్ముడు చెప్పినట్టు సున్నా డిగ్రీలతో చేశాను. అక్షరం గట్టిగా, చక్కగా నిలబడింది. కానీ కింద ఇంగ్లీష్ ముందుకి నడుస్తుంటే పైన తెలుగు ఆగి చూస్తున్నట్టు ఉంది. తర్వాత విజయనగరం బాబాయ్ గారు చెప్పినట్టు 6 డిగ్రీలు వాల్చి, వత్తుల్ని వాల్చకుండా చేశాను. తమ్ముడూ, ఏమీ అనుకోకు, నాకు ఇదే నచ్చింది. లావు సన్నాల తేడా గురించి నువ్వు చెప్పింది మాత్రం అక్షరాలా చేశాను. రామభద్రలో నాకు ఏం తక్కువైందో అప్పుడే తెలిసింది.

కోరెల్‌లో ఎలా చేశానో రాస్తాను, ఇంకెవరికైనా పనికొస్తుంది. "స్త్రా" ని కర్వ్స్ చేసి, కంట్రోల్ కె తో విడగొట్టాను. విడగొట్టగానే అక్షరం లోపలి ఖాళీలు నిండిపోయి నల్ల ముద్దలవుతాయి, భయపడకండి. వత్తులు ఎంచుకుని పక్కన పెట్టి, మిగిలిన ముక్కల్ని కంట్రోల్ ఎల్ తో కలిపితే ఖాళీలు తిరిగి వస్తాయి. వత్తులకీ అదే చెయ్యాలి. తర్వాత పై అక్షరాన్ని మాత్రం 6 డిగ్రీలు వాల్చి, వత్తుల్ని వాటి పాత చోట్లోనే పెట్టి, ఒక పావు అంగుళం కుడికి జరిపాను.

అయినా త వత్తు, ర వత్తు కలిసే చోట ఇరుకుగా ఉంది. లైటు వేస్తే ఉబ్బుతుందని బొబ్బిలి అన్నయ్య చెప్పారు కాబట్టి భయమేసింది. ప్రింటు తీసి నాన్న ముందు పెట్టాను. బాబాయ్ గారి జవాబు మొత్తం చదివి వినిపించాను. సిరిమాను మాట దగ్గర నాన్న తల ఊపారు. కాసేపాగి పెన్సిల్ అడిగారు.

చెయ్యి వణుకుతుందని ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకున్నారు. ర వత్తుని త వత్తు కింద దూర్చకుండా, దాని తోకలోంచే బయటికి తీశారు. అంటే త వత్తు ముగిసే కొస ఆగకుండా సన్నగా సాగి, తిరిగి, ర వత్తు అయి, మళ్ళీ లావెక్కి ఆగింది. రెండు ముక్కలు ఒకే గీత అయ్యాయి. మధ్యలో ఇరుకు లేదు. ఆ సాగిన గీత ఇంగ్లీష్ "ఐ" కొస తిరిగినట్టే తిరిగింది. నేను చెప్పలేదు, ఆయన ఇంగ్లీష్ కాగితం వైపు చూడను కూడా లేదు. గీత కొంచెం వణికింది. దాన్ని స్కాన్ చేసి, నోడ్లు తగ్గించి నున్నగా చేశాను. వంపు మాత్రం ఆయనదే, ఒక్క చోట కూడా మార్చలేదు.

రంగు మెరూన్ ఫేస్, తెల్ల అక్షరం అని ఖాయం చేసుకున్నాం. వ, స పొట్టలు పెంచాను. ఫోన్ నంబరుకి లైనింగ్ అంకెలు పెట్టాను. సంచులకి "హెచ్" సన్న గీత నోడ్లు జరిపి, ఈసారి ఐదు సంచుల మీద శాంపిల్ తీయించాను. గీత నిలిచింది. రెండు వందల సంచులకి ఆర్డరు ఇస్తున్నాను.

ఖాదీ షాపు ఆయన నిన్న సాయంత్రం వచ్చారు. కాగితాలు అతికించి షట్టర్ మీద పెట్టి, మళ్ళీ రోడ్డు దాటి చూశాం, నాన్న కూడా వచ్చారు. ఖాదీ షాపు ఆయన ఇంగ్లీష్ వైపు చూడలేదు, స్త్రా వైపు వేలు చూపించి "ఈ పోగు ఎక్కడా తెగలేదు" అన్నారు. గురువారం బోర్డు ఎక్కిస్తున్నారు. రాత్రి లైటు వేశాక ఫొటో తీసి ఇక్కడ పెడతాను. బాబాయ్ గారూ, రెండు దీర్ఘాలు కవలల్లా ఉన్నాయో లేదో మీరు చూసి చెప్పాలి. నాకైతే ఖా మీది దీర్ఘం ఒక వెంట్రుకవాసి పొడుగు అనిపిస్తోంది.